ఏపీఏ మాన్యువల్ 7వ ఎడిషన్: కామాల కోసమైతే కొనక్కర్లేదు, 8వ చాప్టర్ కోసమైతే తప్పకుండా కొనండి

జొటెరో అనే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, బటన్ నొక్కితే పేపర్ చివర పెట్టే రిఫరెన్స్ లిస్టు వచ్చేస్తుంది, మళ్ళీ నాలుగు వందల పేజీల స్టైల్ గైడ్ ఎందుకు కొనాలి అని చాలామంది అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. నా పని థీసిస్‌లూ జర్నల్స్‌కి వెళ్ళే పేపర్లూ సబ్మిట్ చేసేముందు చదివి సరిచేయడం, అందుకని ఏపీఏ, అంటే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, వాళ్ళ పబ్లికేషన్ మాన్యువల్ దాదాపు రోజూ తెరుస్తాను, ఎంఎల్ఏ (మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) హ్యాండ్‌బుక్, షికాగో మాన్యువల్ అనే ఇంకో రెండు స్టైల్ గైడ్లు కూడా అవసరాన్నిబట్టి తీస్తుంటాను. ఇన్నాళ్ళు వాడాక నాకు గట్టిగా అనిపించేది ఏంటంటే, ఈ పుస్తకం ఎక్కువమంది కొనేది ఒక దానికోసం, అది నిజంగా పనికొచ్చేది ఇంకో దానికి. కామా ఎక్కడ పెట్టాలి, ఏది ఇటాలిక్స్‌లో ఉండాలి, బ్రాకెట్ ఎక్కడ మూయాలి, ఇవన్నీ ఏపీఏ వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఫ్రీగా దొరుకుతాయి, శాంపిల్ పేపర్లు కూడా ఉన్నాయి అక్కడ. ఈ వాక్యానికి అసలు సైటేషన్ (ఇది ఎవరు చెప్పిందో పేపర్ మధ్యలో చూపించడం) కావాలా, ఒకటి చాలా మూడు కావాలా, వేరేవాళ్ళు చెప్పిందాన్ని నా మాటల్లో రాసినప్పుడు ఎంత దూరంవరకు వాళ్ళ పేరు మోయాలి, ఈ సంగతులు మాత్రం వెబ్‌సైట్‌లో ముక్కలు ముక్కలుగా ఉంటాయి, పుస్తకంలో 8వ చాప్టర్లో వరసగా ఒక చోట కూర్చోబెట్టి చెప్పినట్టు ఉంటాయి. డబ్బులు పెట్టేది దానికి.

పుట్టుక చిన్నదే. 1929లో సైకలాజికల్ బులెటిన్ అనే జర్నల్‌లో ఏడు పేజీల ఆర్టికల్‌గా వచ్చింది మొదట, రచయితలకి కొన్ని సూచనలు, అంతే. 1952కి మాన్యువల్ అనే రూపం వచ్చింది. ఇప్పుడున్న 7వ ఎడిషన్ 2019 అక్టోబర్‌లో బయటికొచ్చింది, కాపీరైట్ పేజీలో మాత్రం 2020 అని ఉంటుంది, అందుకే ఈ పుస్తకాన్నే సైట్ చేసేటప్పుడు ఏ సంవత్సరం రాయాలో తెలీక కొందరు తికమకపడతారు, 2020 రాయాలి. మొత్తం 12 చాప్టర్లు. సైకాలజీ వాళ్ళు మొదలుపెట్టిందే అయినా ఎడ్యుకేషన్, నర్సింగ్, సోషల్ వర్క్, బిజినెస్, ఇలా చాలా డిపార్ట్‌మెంట్లు ఇదే అడుగుతున్నాయి ఇప్పుడు.

6వ ఎడిషన్ నించి వచ్చినవాళ్ళకి 7లో మారినవాటిలో మంచి మార్పులే ఎక్కువ. పుస్తకం పబ్లిషర్ ఏ ఊళ్ళో ఉన్నాడో రాయక్కర్లేదు, ఆ ఊరి పేరు వెతకడానికి పోయే టైం ఎంతో అది చేసినవాళ్ళకే తెలుస్తుంది. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది రాసిన పేపరైతే పేపర్ మధ్యలో మొదటిసారి నించే మొదటి పేరూ ఎట్ ఆల్ (మిగతావాళ్ళు అని అర్థం) అని పెట్టేస్తే చాలు, పాతదాన్లో ముగ్గురు నించి అయిదుగురు దాకా ఉంటే మొదటిసారి అందరి పేర్లూ రాయాల్సి వచ్చేది. రిఫరెన్స్ లిస్టులో మాత్రం దీనికి వ్యతిరేకం, అక్కడ 20 మంది దాకా పేర్లు పూర్తిగా ఇవ్వాలి, 20 దాటితే మొదటి 19 పేర్లు, మూడు చుక్కలు, చివరి పేరు. టీమ్‌లో ఎనిమిదో మనిషిగా రాత్రింబవళ్ళు పనిచేసినవాళ్ళ పేరు కూడా ఇప్పుడు లిస్టులో కనపడుతుంది, నాకు చాలా నచ్చిన మార్పు ఇది. డీఓఐ, అంటే ఒక్కో పేపర్‌కి ఆన్‌లైన్‌లో ఉండే మారని గుర్తింపు నంబర్, ఇప్పుడు మామూలు లింకులాగా రాస్తే సరిపోతుంది, ముందు డీఓఐ అని విడిగా పెట్టే పని లేదు. స్టూడెంట్ పేపర్లకి రన్నింగ్ హెడ్, అంటే ప్రతి పేజీ పైనా వచ్చే చిన్న టైటిల్, అక్కర్లేదు, కాలేజీ వాళ్ళు ప్రత్యేకంగా అడిగితే తప్ప. ఫాంట్ కూడా టైమ్స్ న్యూ రోమన్ 12 ఒక్కటే కాదు, కాలిబ్రి 11, ఏరియల్ 11, జార్జియా 11 కూడా ఓకే.

ఇక అసలు విషయం. 9వ చాప్టర్ మొదట్లో ఒక మాట ఉంటుంది, ఏ రిఫరెన్స్ అయినా నాలుగు ప్రశ్నలకి జవాబు అని. ఎవరు, ఎప్పుడు, ఏంటి, ఎక్కడ. రచయిత, తేదీ, టైటిల్, సోర్స్. పుస్తకమైనా, జర్నల్ ఆర్టికలైనా, పాడ్‌కాస్ట్ ఎపిసోడైనా, డేటాసెట్టయినా, సాఫ్ట్‌వేరైనా ఇంతే. ఈ నాలుగూ మనసులో పడితే ఇంక 10వ చాప్టర్లో ఉన్న వందకి పైగా ఉదాహరణలు బట్టీ పట్టాల్సిన పని ఉండదు, మీ దగ్గరున్నది ఏ ఉదాహరణకీ సరిగ్గా సరిపోకపోయినా భయం ఉండదు. తేదీ లేకపోతే ఎన్.డి. (నో డేట్) అని రాస్తారు, రచయిత లేకపోతే టైటిల్ ముందుకి జరుగుతుంది, సోర్స్ దొరకదు అంటే, అంటే చదివేవాళ్ళు దాన్ని ఎక్కడా వెతికి పట్టుకోలేరు అంటే, అసలు లిస్టులోకే రాదు. మీకు ఎవరో ఈమెయిల్‌లో చెప్పిన మాటో ఫోన్లో చెప్పిన మాటో ఉందనుకోండి, దాన్ని పేపర్ మధ్యలో బ్రాకెట్లో పర్సనల్ కమ్యూనికేషన్ అని తేదీతో సహా రాస్తారు, చివర్న లిస్టులో ఉండదు. ఎందుకుండదు అని స్టూడెంట్స్ అడుగుతారు, నాలుగో ప్రశ్నకి జవాబు లేదు కాబట్టి. ఇంత శుభ్రంగా కుదిరిన లాజిక్ చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఒక పాత పుస్తకం సంగతి చూడండి. 1900లో మొదటిసారి అచ్చయింది, మీరు చదివింది 1953లో మళ్ళీ వచ్చిన ఎడిషన్. సైటేషన్‌లో 1900/1953 అని రెండూ పెట్టమంటుంది. ఒక్క గీతతో రెండు సంగతులు తెలిసిపోతాయి, ఆ ఆలోచన ఎప్పటిది, మీరు చూసిన పేజీ నంబర్లు ఏ అచ్చువి అని. 1953 ఒక్కటే పెట్టారనుకోండి, ఆ ఆలోచన వచ్చి అప్పటికే యాభై ఏళ్ళు దాటిందన్న సంగతి చదివేవాళ్ళకి అందదు, వాదన మొత్తం వేరే కాలంలోకి వెళ్ళిపోతుంది.

8వ చాప్టర్ గురించి ఎంత చెప్పినా తక్కువే. నా దగ్గరికి వచ్చే పేపర్లలో రెండు జాతులుంటాయి, సైటేషన్లు అసలు సరిపోనివి, ప్రతి వాక్యం చివరా అదే బ్రాకెట్ మళ్ళీ మళ్ళీ తగిలించినవి. మొదటిదాన్ని తప్పని అందరూ చెప్తారు, రెండోది కూడా సమస్యే అని ఈ చాప్టర్ సూటిగా చెప్తుంది. ఒకే సోర్స్ మీద ఒక పేరా అంతా రాస్తున్నప్పుడు మొదటి వాక్యంలో పేరూ సంవత్సరం ఇచ్చి, తర్వాతి వాక్యాలు కూడా వాళ్ళవే అని చదివేవాళ్ళకి స్పష్టంగా తెలుస్తున్నంతసేపు మళ్ళీ ఇవ్వక్కర్లేదు. మధ్యలో ఇంకో సోర్స్ దూరినా, కొత్త పేరా మొదలైనా మళ్ళీ ఇవ్వాలి. ఈ చిన్న సంగతి తెలీక, కాపీ కొట్టారని ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్ పట్టుకుంటుందేమో అన్న భయంతో ప్రతి ఫుల్‌స్టాప్ ముందూ బ్రాకెట్ పెడుతూ పోతారు, చదువుతుంటే స్పీడ్ బ్రేకర్ల రోడ్డు మీద బండి నడిపినట్టే ఉంటుంది. వాక్యంలోనే పేరు కలిపి రాయొచ్చు, ఫలానా వాళ్ళు 2015లో ఏం చూపించారంటే అని, అప్పుడు బ్రాకెట్ల గోల సగం తగ్గుతుంది, వాక్యానికి ఊపిరి వస్తుంది. ఇంకో చిన్నది కూడా ఇక్కడే ఉంది, ఇద్దరు రచయితలుంటే వాక్యంలో పూర్తి మాటగా అండ్ అని రాయాలి, బ్రాకెట్ లోపల మాత్రం ఆంపర్సాండ్ (&) గుర్తు.

సెకండరీ సోర్స్ సంగతి కూడా ఇదే చాప్టర్. మీరు 2010 నాటి ఒక రివ్యూ చదివారు, అందులో 1970ల నాటి స్టడీ ఒకటి చెప్పారు, ఆ పాత పేపర్ మీరు చూడలేదు. చాలామంది ఏం చేస్తారంటే ఆ పాత పేపర్నే నేరుగా లిస్టులో ఎక్కించేస్తారు, చదివినట్టే. ఈ మాన్యువల్ ప్రకారం వాక్యంలో పాత స్టడీ పేరు చెప్పి, ఫలానా రివ్యూలో ఉటంకించినట్టు అని పక్కనే పెట్టాలి, లిస్టులో మాత్రం మీరు నిజంగా చదివిన రివ్యూ ఒక్కటే ఉండాలి. వీలైతే అసలు పేపరే తెచ్చి చదవండి, అది దొరకనప్పుడే ఈ దారి అని కూడా అంటుంది. ఇది ఫార్మాటింగ్ రూల్ అనుకుంటే పొరపాటు, ఇది నిజాయితీ రూల్. ఒకళ్ళు తప్పుగా రాసిన అంకెని చూడకుండా పదిమంది కాపీ కొట్టడం, తర్వాత అదే నిజమైపోవడం రీసెర్చ్‌లో ఎప్పటినించో ఉన్న జబ్బు, దానికి మందు ఇక్కడుంది.

కొటేషన్ల విషయం త్వరగా చెప్పేస్తాను. వేరేవాళ్ళ మాటలు ఉన్నదున్నట్టు తీసుకుంటే పేజీ నంబర్ తప్పనిసరి, 40 పదాలు లేదా అంతకు మించితే కొటేషన్ మార్కులు తీసేసి మొత్తం లోపలికి జరిపి బ్లాక్‌గా పెట్టాలి. మీ మాటల్లో రాస్తే పేజీ నంబర్ తప్పనిసరి కాదు, కానీ పెద్ద పుస్తకం అయితే ఇవ్వడం మంచిది, చదివేవాళ్ళు ఆరు వందల పేజీలు వెతుక్కోలేరు కదా.

నంబర్లు, టేబుల్స్ మీద ఉన్న 6, 7 చాప్టర్లు అవసరమైనప్పుడు తీసి చూసుకునే రకం, వరసగా చదివేవి కావు. అయినా కొన్ని చాలా పనికొస్తాయి. పీ వాల్యూలాగా (స్టాటిస్టిక్స్‌లో వచ్చే ఒక సంభావ్యత అంకె) 1 దాటలేని అంకెకి దశాంశం ముందు సున్నా పెట్టకూడదు, కిలోల్లో బరువులాంటి 1 దాటగలిగే వాటికి పెట్టాలి. టేబుల్‌లో నిలువు గీతలు వద్దు. టేబుల్ నంబర్, టైటిల్ పైన ఉంటాయి, 7వ ఎడిషన్‌లో బొమ్మలకీ గ్రాఫులకీ కూడా అవి పైకే వచ్చాయి, ఇదివరకు కింద ఉండేవి. మీ గ్రాఫ్ పేపర్ చదవకుండా విడిగా చూసినా అర్థమవ్వాలి అని ఒక మాట ఉంది, దాన్ని ప్రింట్ తీసి గోడకి అంటించుకోవచ్చు అంత మంచి మాట. 3వ చాప్టర్ రిపోర్టింగ్ స్టాండర్డ్స్ గురించి, ఎంతమందిని తీసుకున్నారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఏ అనాలిసిస్ ముందే ప్లాన్ చేసింది అనేవి తప్పనిసరిగా చెప్పమంటుంది. ఎక్స్‌పెరిమెంట్ మొదలుపెట్టకముందే చదవాల్సిన చాప్టర్ అది, అందరూ రాసేటప్పుడు చదువుతారు, అప్పటికి ఆ లెక్కలు రాసిపెట్టుకుని ఉండరు.

5వ చాప్టర్ మనుషుల గురించి ఎలా రాయాలో చెప్తుంది. వయసు, జెండర్, వైకల్యం, ఆర్థిక స్థితి లాంటివి రాసేటప్పుడు మనిషిని ఒక లేబుల్‌గా మార్చకుండా, అవసరం ఉన్నంతే, కచ్చితంగా రాయమంటుంది. ముసలివాళ్ళు అని ఒకే గంపకి కట్టేసే బదులు 65 నించి 75 ఏళ్ళవాళ్ళు అని రాస్తే గౌరవానికి గౌరవం, సైన్స్‌కి సైన్స్. మర్యాద కోసమే పెట్టిన చాప్టర్ అని కొందరు తీసిపారేస్తారు, నాకైతే ఇది కచ్చితత్వం మీద రాసిన చాప్టర్‌లాగే కనిపిస్తుంది.

ఇప్పుడు పోలిక. లిటరేచర్, భాషల వాళ్ళకి ఎంఎల్ఏ, 9వ ఎడిషన్ 2021లో వచ్చింది. దాన్లో సంవత్సరం బదులు బ్రాకెట్లో పేరూ పేజీ నంబరూ ఉంటాయి, మధ్యలో కామా కూడా ఉండదు, ఎందుకంటే అక్కడ ముఖ్యం ఆ వాక్యం ఏ పేజీలో ఉందని, సైన్స్‌లో ముఖ్యం ఆ ఫలితం ఎప్పటిదని. 2016లో వచ్చిన 8వ ఎడిషన్ నించి వీళ్ళది కంటైనర్ పద్ధతి, కథ ఒక సంకలనంలో ఉంటే సంకలనం కంటైనర్, ఆ సంకలనం ఒక డేటాబేస్‌లో ఉంటే అది రెండో కంటైనర్, తొమ్మిది అంశాలు ఒకే వరసలో నింపుకుంటూ పోవాలి. కొత్తవాళ్ళకి నేర్పడానికి ఏపీఏ కన్నా ఇదే సులువు అని నా అభిప్రాయం. హిస్టరీ వాళ్ళకి షికాగో, 1906 నించి ఉంది, 18వ ఎడిషన్ 2024లో వచ్చింది, వెయ్యి పేజీలు దాటిన గ్రంథం. ఫుట్‌నోట్స్ పద్ధతి, రచయిత-తేదీ పద్ధతి రెండూ దాన్లోనే ఉన్నాయి, అందుకే ఎవరైనా షికాగోలో రాయండి అంటే ఏ షికాగో అని ముందే అడగాలి. ఆర్కైవ్‌లో పాత ఉత్తరం, పెట్టె నంబర్, ఫైల్ నంబర్, దాని మీద మీ చిన్న వ్యాఖ్య, ఇవన్నీ పేజీ కింద ఫుట్‌నోట్‌లో కుదురుతాయి, ఏపీఏ బ్రాకెట్లో కుదరవు. స్టూడెంట్స్‌కి మొత్తం షికాగో అక్కర్లేదు, దాన్నే కుదించి రాసిన టురాబియన్ గైడ్ ఉంది, యూనివర్సిటీ ఆఫ్ షికాగోలో థీసిస్‌లు చూసిన కేట్ టురాబియన్ మొదలుపెట్టింది. మెడిసిన్ వాళ్ళ వాంకూవర్, ఇంజినీరింగ్ వాళ్ళ ఐఈఈఈ స్టైల్స్‌ది పేరు బదులు వరస నంబర్ వేసే పద్ధతి, అవి చేత్తో చేస్తే తల ప్రాణం తోకకొస్తుంది, మధ్యలో ఒకటి కొత్తగా చేరితే తర్వాతి నంబర్లన్నీ మారతాయి, వాటికి సాఫ్ట్‌వేర్ తప్పదు. హార్వర్డ్ స్టైల్‌లో పెట్టమన్నారంటే మాత్రం జాగ్రత్త, దానికి అందరూ ఒప్పుకున్న ఒకే పుస్తకం లేదు, ప్రతి యూనివర్సిటీకీ తనదైన హార్వర్డ్ ఉంటుంది, వాళ్ళ గైడే అడిగి తీసుకోండి.

జొటెరో గురించి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తికాదు. 2006లో జార్జ్ మేసన్ యూనివర్సిటీలో పుట్టింది, ఫ్రీ, ఓపెన్ సోర్స్, వేలల్లో స్టైల్స్ ఉన్నాయి, ఏపీఏ నించి వాంకూవర్‌కి మార్చాలంటే క్షణంలో పని. వెనక్కి తీసుకున్న పేపర్ మీ లైబ్రరీలో ఉంటే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌తో పోల్చి ఎర్రగా హెచ్చరిక చూపిస్తుంది, ఆ ఒక్క ఫీచర్ కోసమైనా వాడాలి. కానీ వెబ్‌పేజీ ఏ డేటా ఇస్తే అదే తీసుకుంటుంది. వరల్డ్ హెల్త్ ఆర్గనైజేషన్ రిపోర్ట్ దించారనుకోండి, ఒక్కోసారి సంస్థ పేరుని మనిషి పేరనుకుని చివరి మాటని ఇంటిపేరు చేస్తుంది, లిస్టులో ఆర్గనైజేషన్, డబ్ల్యూ. హెచ్. అని వచ్చి ఇంగ్లీషు O అక్షరం కింద కూర్చుంటుంది. పేరు పెట్టె పక్కనున్న చిన్న గుర్తు నొక్కి ఒకే ఫీల్డ్‌గా మార్చాలి, అప్పుడు సరవుతుంది. టైటిల్స్ కూడా అంతే, ఏపీఏలో ఆర్టికల్ టైటిల్ సెంటెన్స్ కేస్‌లో (మామూలు వాక్యంలాగా మొదటి మాటకీ పేర్లకీ మాత్రమే పెద్దక్షరం) ఉండాలి, జర్నల్ పేరు టైటిల్ కేస్‌లో (ముఖ్యమైన ప్రతి మాటకీ పెద్దక్షరం), జొటెరోలో టైటిల్స్‌ని సెంటెన్స్ కేస్‌లోనే దాచుకోండి, అక్కణ్ణించి టైటిల్ కేస్‌కి అదే మార్చుకోగలదు, అటునించి ఇటు రాలేదు, దేశాల పేర్లూ మనుషుల పేర్లూ ఏవో దానికి తెలీవు. ఇలాంటివి తప్పని గుర్తుపట్టాలంటే సరైనది ఎలా ఉంటుందో మీకు తెలిసుండాలి, ఆ తెలివి ఇచ్చేది మాన్యువలే.

చాట్‌జీపీటీ లాంటివి 7వ ఎడిషన్ తర్వాత వచ్చాయి, పుస్తకంలో ఉండవు, 2023లో ఏపీఏ, ఎంఎల్ఏ ఇద్దరూ వెబ్‌సైట్లలో సూచనలిచ్చారు. ఏపీఏ ఆ మోడల్ తయారుచేసిన కంపెనీని రచయిత స్థానంలో పెట్టమంది, ఎంఎల్ఏ ఏఐ టూల్‌ని రచయితగా చూడొద్దు, మీరడిగిన ప్రాంప్ట్‌నే టైటిల్ చోట వర్ణించమంది. నాకు ఎంఎల్ఏ దారి ఎక్కువ నచ్చింది, ఏం అడిగితే ఆ జవాబు వచ్చిందో చదివేవాళ్ళకి తెలుస్తుంది. ఇంతకన్నా ముఖ్యమైంది, ఏఐ ఇచ్చిన రిఫరెన్స్‌ని ఎంత అందంగా ఏపీఏలో ఉన్నా నమ్మొద్దు. కామాలు, ఇటాలిక్స్, వాల్యూమ్ నంబర్ అన్నీ పొందిగ్గా ఉంటాయి, డీఓఐ తెరిస్తే ఏమీ ఉండదు, లేదా సంబంధం లేని ఇంకేదో పేపర్ వస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఏంటి అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి, ఎక్కడ అన్న దగ్గర అబద్ధం బయటపడుతుంది. ప్రతి డీఓఐ నొక్కి చూడండి, టైటిల్ కలుస్తుందో లేదో చూడండి.

పుస్తకంలో బాగోలేనివి కూడా ఉన్నాయి. 11వ చాప్టర్, లీగల్ రిఫరెన్సులు, అమెరికాలో లాయర్లు వాడే బ్లూబుక్ అనే సైటేషన్ గైడ్ మీద ఆధారపడి రాసింది, అమెరికా కోర్టులూ చట్టాలే ఎక్కువ, వేరే దేశాల చట్టాలు సైట్ చేసేవాళ్ళు ఆ దేశం పద్ధతి వేరేచోట చూసుకోవాల్సిందే. ఇంగ్లీషు లిపిలో లేని పుస్తకాల గురించి కూడా చాలా పొదుపుగా చెప్పారు, టైటిల్‌ని రోమన్ లిపిలోకి మార్చి పక్కన స్క్వేర్ బ్రాకెట్లో అనువాదం ఇవ్వమంటుంది, బాగానే ఉంది, ఇంకో నాలుగైదు ఉదాహరణలిస్తే ఏం పోయేది అనిపిస్తుంది.

ఎవరు కొనాలి అంటే, థీసిస్ రాసేవాళ్ళు, గైడ్‌గా ఉండేవాళ్ళు, ఎడిటింగ్ చేసేవాళ్ళు కళ్ళు మూసుకుని కొనండి. ఒక సెమిస్టర్‌లో రెండు అసైన్‌మెంట్లు రాసేవాళ్ళకి వెబ్‌సైట్ చాలు, లేదా ఇదే ఎడిషన్‌ని కుదించిన కన్సైజ్ గైడ్ ఉంది, పబ్లికేషన్‌కి సంబంధించిన భాగాలు తీసేసి స్టూడెంట్స్ కోసమే వేశారు. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే కవర్ మీద 7 అని ఉందో లేదో చూడండి, 2009 నాటి 6వ ఎడిషన్ ఇంకా తిరుగుతూనే ఉంది, చవగ్గా వస్తుంది గానీ పనికిరాదు. స్పైరల్ బైండింగ్ ఉన్నది దొరికితే అదే తీసుకోండి, టైప్ చేస్తూ పక్కన తెరిచి పెడితే మూసుకుపోదు, చాప్టర్లకి ట్యాబులు కూడా ఉంటాయి దానికి.